పెట్టెలో విమానం: డైకాస్ట్ నమూనాల భద్రతపై ఒక సంవాదం

కరిగిన లోహాన్ని ఉక్కు అచ్చులోకి అధిక పీడనంతో నెట్టి, అది చల్లారి గట్టిపడగానే అచ్చు విప్పి వస్తువును బయటికి తీసే పోత పద్ధతికి డైకాస్టింగ్ అని పేరు. ఈ పద్ధతిలో బొమ్మలకు, నమూనాలకు వాడే లోహం ప్రధానంగా జింకు. అందులో సుమారు 4 శాతం అల్యూమినియం, అతి కొద్దిగా మెగ్నీషియం, రకాన్ని బట్టి కొంత రాగి కలుపుతారు. ఈ నాలుగు లోహాల జర్మన్ పేర్ల తొలి అక్షరాలను కూర్చి ఆ మిశ్రమాన్ని జమాక్ అని పిలుస్తున్నారు. ఇలా పోతపోసిన విమానాలకు రంగులద్ది, విమానసంస్థల చిహ్నాలు ముద్రించి, అసలు విమానానికి కచ్చితమైన నిష్పత్తిలో తగ్గించి అమ్మే నమూనాలను ఏళ్ల తరబడి కూడబెట్టేవారు అనేక దేశాల్లో ఉన్నారు. తెలుగు పట్టణాల్లోనూ వీరు కనిపిస్తారు.

నిష్పత్తి అన్న మాటను ఒక ఉదాహరణతో చెప్పుకోవాలి. బోయింగ్ 747-400 విమానం పొడవు 70.66 మీటర్లు. దానిని నాలుగు వందల రెట్లు తగ్గిస్తే దాదాపు 17.7 సెంటీమీటర్ల నమూనా వస్తుంది. అది జానెడు కన్నా చిన్నది. రెండు వందల రెట్లే తగ్గిస్తే 35 సెంటీమీటర్లు దాటుతుంది. ప్రయాణికుల విమానాలకు 1:400, 1:500, 1:200 నిష్పత్తులు వాడుకలో ఉంటే, యుద్ధవిమానాలు అసలే చిన్నవి కనుక వాటికి 1:72 ఎక్కువగా వాడతారు. జెమినీ జెట్స్, హెర్పా, కార్గీ, హాబీ మాస్టర్ వంటి తయారీదారుల పేర్లు సేకర్తల నోళ్లలో నానేవి ఈ నిష్పత్తులతో కలిపే.

ఈ నమూనాలన్నీ పెట్టెల్లోనే కొనుగోలుదారు చేతికి వస్తాయి. అక్కడి నుంచే వివాదం మొదలవుతుంది. నమూనాను తయారీదారు సర్దిన పెట్టెలోనే ఉంచి కాపాడాలా, బయటికి తీసి కంటికి కనిపించేలా నిలబెట్టాలా అన్న ప్రశ్న మీద సేకర్తలు రెండుగా చీలిపోయి ఉన్నారు. కింది సంవాదంలో మాట్లాడేవారు ఇద్దరు. ఒకరు విశాఖ సముద్రతీరానికి దగ్గరలో నివసించే ఒక సేకర్త. పెట్టె తెరవకూడదన్నది అతని పక్షం. మరొకరు కళాశాలలో రసాయనశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న మాస్టారు. పెట్టె మీద అంత నమ్మకం తగదన్నది ఆయన పక్షం. ఇద్దరూ నమూనాలను ప్రేమించేవారే కాబట్టి ఈ వాదం వృథా పోలేదు.

సేకర్త: మాస్టారూ, పెట్టెను కేవలం పొట్లంగా చూడటంలోనే పొరపాటు ఉంది. దాని మీద విమానం పేరు, నిష్పత్తి, రిజిస్ట్రేషన్ సంఖ్య, తయారీదారు ఇచ్చిన జాబితా సంఖ్య, కొన్నిటి మీద ఎన్ని ప్రతులు మాత్రమే తయారయ్యాయన్న ప్రకటన కూడా ఉంటాయి. పెట్టె పోయిన నమూనా, ముఖపత్రం చిరిగిపోయిన పుస్తకం లాంటిది; అది ఏదో గుర్తుపట్టవచ్చుగాని ఏ ముద్రణో రుజువు చేయడం కష్టం. బొమ్మల చరిత్రలో పెట్టె ఎంత గొప్పదో చెప్పడానికి మ్యాచ్‌బాక్స్ ఒక్కటి చాలు. ఇంగ్లండులో లెస్నీ సంస్థను నడిపినవారిలో ఒకరైన జాక్ ఓడెల్ కుమార్తె చదివే బడిలో, అగ్గిపెట్టెలో పట్టే బొమ్మనే పిల్లలు వెంట తెచ్చుకోవచ్చన్న నియమం ఉండేది. ఆ నియమానికి సరిపోయే చిన్న బొమ్మ చేయడంతో మొదలై, 1953లో ఆ బొమ్మల వరుసకు అగ్గిపెట్టె పేరే స్థిరపడింది. అదే పేరుతో 1973లో స్కైబస్టర్స్ అనే విమానాల వరుస కూడా వచ్చింది. బొమ్మకు పేరు పెట్టినదే పెట్టె అయినప్పుడు, ఆ రెంటినీ విడదీయడం న్యాయమేనా?

మాస్టారు: విడదీసి పారేయమని ఎవరూ అనడం లేదు నాయనా. పెట్టె ఒక పత్రం అన్న మాట పూర్తిగా ఒప్పుకోవలసిందే. అయితే పత్రం అనిపించుకోవడం వేరు, రక్షణ ఇవ్వడం వేరు. పెట్టెను ఎవరు, ఏ పని కోసం రూపొందించారో ముందు చూడు. కర్మాగారం నుంచి ఓడలో, లారీలో, కొరియర్ సంచిలో ప్రయాణం చేసి దుకాణానికి చేరేదాకా రెక్క విరగకుండా ఉండాలన్నది దాని లక్ష్యం. ఆ పనికి కొన్ని వారాలు, మహా అయితే కొన్ని నెలలు పడుతుంది. ముప్పై ఏళ్లు లోపలి వస్తువుతో అంటుకుని ఉండాల్సి వస్తుందని లెక్కవేసి దాని పదార్థాలను ఎవరూ ఎంపిక చేయలేదు. పెట్టె లోపల ఏముంటాయో ఒక్కొక్కటిగా చెప్పు.

సేకర్త: బయట రంగుల అట్ట, లోపల థర్మకోల్ పలక గాని, విమానం ఆకారంలోనే వంచిన పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగు గాని ఉంటుంది. కొన్నిటిలో పలచని కాగితం చుట్టి ఉంటుంది. కొన్నిటిలో మెత్తటి స్పాంజి ముక్క, మెలితిప్పిన తీగ కూడా ఉంటాయి.

మాస్టారు: ఇప్పుడు వాటి వయసు సంగతి చూద్దాం. స్పాంజి అంటే సాధారణంగా పాలీయురేథేన్. అది గాలిలోని తేమకు, ఆక్సిజన్‌కు లోనై కొన్నేళ్లకు పసుపెక్కి, జిగటగా మారి, చివరకు పొడిపొడిగా రాలిపోతుంది. ఆ జిగట రంగు మీద అంటుకుందంటే గీకకుండా వదలదు. పీవీసీ అనే ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి అందులో కలిపే నూనె వంటి ద్రవాలను ప్లాస్టిసైజర్లు అంటారు. అవి ఏళ్లు గడిచేకొద్దీ ప్లాస్టిక్ నుంచి మెల్లగా ఊరి పైకి వచ్చి పక్కనున్న వస్తువులోకి వలసపోతాయి. మెత్తటి ప్లాస్టిక్ చక్రం గట్టి పాలీస్టైరీన్‌కు ఆనుకుని కొన్నేళ్లు ఉంటే ఆ చోట కరిగినట్టు గుంట పడటానికి కారణం ఇదే. తీగ తుప్పు పడుతుంది. నాసిరకం అట్టలో ఆమ్లం ఉంటుంది. పెట్టె మూత ఊడకుండా మనవాళ్లు చుట్టే రబ్బరు బ్యాండు అన్నిటికన్నా హానికరం. గంధకం కలిసిన ఆ రబ్బరు ఎండి, అట్టకు అతుక్కుని, ముద్రించిన రంగును ఊడబెరుక్కుని పోతుంది.

సేకర్త: ఇవన్నీ నిజమే కావచ్చు. కాని బయట పొంచి ఉన్న ప్రమాదాలతో పోలిస్తే ఇవి నెమ్మదైనవి. ఎయిర్ ఇండియా 747 నమూనా ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. ఆ సంస్థ తొలి 747 అయిన ఎంపరర్ అశోక 1971లో సేవలోకి వచ్చినప్పుడు, దాని కిటికీల చుట్టూ రాజస్థానీ భవనాల ఝరోకాలను తలపించే ఎర్రటి తోరణాలు చిత్రించారు. 1:400 నమూనాలో ఒక్కో కిటికీ మిల్లీమీటరుకు మించదు. ఆ మిల్లీమీటరు చుట్టూ కూడా తోరణపు వంపు కనిపించేలా ముద్రించి ఉంటుంది. మెత్తటి సిలికోన్ దిండుకు సిరా అంటించి, ఆ దిండును వంపు తిరిగిన లోహం మీద అదిమి ముద్ర వేసే ఈ పద్ధతిని ప్యాడ్ ప్రింటింగ్ అంటారు. ఆ సిరా పొర ఎంత పలచనిదో ఊహించండి. దాని మీద చెమట చేతి వేలు ఆనితే ఉప్పు, కొవ్వు అంటుకుంటాయి. దుమ్ము తుడవబోయి పాత బట్టతో రుద్దితే తోరణాలు అరిగిపోతాయి. ముక్కు దగ్గర సూదిలా ఉండే పిటో గొట్టం, అంటే విమానం వేగాన్ని కొలిచే సాధనానికి గాలి అందించే గొట్టం, నమూనాలో వెంట్రుక కన్నా కొంచెం లావుగా ఉంటుంది. బట్ట పోగు తగులుకున్నా అది విరుగుతుంది. మధ్యాహ్నపు ఎండ నేరుగా పడే చోట వెలుగు లక్ష లక్స్ దాకా పోగలదు. త్వరగా వెలిసిపోయే వస్తువులకు మ్యూజియంలు 50 లక్స్ చాలంటాయి. మన హాళ్లలో కిటికీ పక్కనే ఉండే షోకేసు సంగతి ఇక చెప్పనక్కరలేదు.

ఇక్కడ లక్స్ అన్న మాటను వివరించడం అవసరం. ఒక ఉపరితలం మీద పడే వెలుగు కొలమానం అది. వెలుగుతో వచ్చే నష్టం తిరిగి పూడేది కాదు, పైగా ప్రతిరోజూ పడే వెలుగు మొత్తం కూడుతూ పోతుంది. సేకర్త ఎత్తి చూపిన ఈ అంశానికి మాస్టారి వద్ద ఎదురుమాట లేదు; ఆయన దానిని అంగీకరించి వాదాన్ని లోహం వైపు తిప్పారు. నిజానికి ఈ సంవాదంలో అత్యంత విలువైన భాగం అక్కడి నుంచే మొదలవుతుంది.

మాస్టారు: వెలుగు విషయంలో నీదే గెలుపు. అయితే చీకట్లో జరిగే నష్టం ఒకటుంది, దానిని చూడాలంటే మూత తీయక తప్పదు. జింకు తెగులు గురించి విన్నావా? పంటకు తెగులు పట్టినట్టే లోహానికీ పడుతుంది. జింకు, అల్యూమినియం కలిసిన పోతలోకి సీసం, తగరం, కాడ్మియం వంటి మలినాలు అణుమాత్రంగా చేరినా చాలు. గట్టిపడిన లోహం ఏకఖండంలా కనిపిస్తుందిగాని అది లెక్కలేనన్ని సన్నటి స్ఫటిక రేణువుల కూర్పు. మలినాలు ఆ రేణువుల మధ్య సరిహద్దుల్లో చేరతాయి. గాలిలోని తేమ ఆ సరిహద్దుల వెంట లోపలికి పాకి, అక్కడ లోహాన్ని తినివేస్తుంది. అలా పుట్టే పదార్థానికి అసలు లోహం కన్నా ఎక్కువ చోటు కావాలి కనుక బొమ్మ ఉబ్బుతుంది, వంగుతుంది, ఎండిన చెరువు మట్టిలా నెర్రెలు విచ్చుతుంది, చివరకు వేళ్ల మధ్య బిస్కెట్టులా నలిగిపోతుంది. దీనికి వైద్యం లేదు.

సేకర్త: అది రెండో ప్రపంచయుద్ధానికి ముందటి బొమ్మల వ్యాధి కదా మాస్టారూ. లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ స్థాపించిన మెకానో సంస్థ 1934లో డింకీ పేరుతో తెచ్చిన ఆరు విమానాల పెట్టె గురించి సేకర్తలందరికీ తెలుసు. ఇంపీరియల్ ఎయిర్‌వేస్ ప్రయాణికుల విమానం మొదలుకొని, తల మీద తిరిగే రెక్కలున్న సియెర్వా ఆటోజైరో దాకా అందులో ఉండేవి. ఆ కాలపు డింకీ విమానాల్లో రెక్కలు వాలిపోయినవి, పగిలినవి అనేకం. ఆ తర్వాత జింకును అత్యంత శుద్ధిచేసి వాడటం మొదలైంది. అమెరికాలోని న్యూజెర్సీ జింక్ కంపెనీ 1929లో రూపొందించిన జమాక్ మిశ్రమాల ఉద్దేశమే అది.

మాస్టారు: శుద్ధి చేయడం తెలిసినంత మాత్రాన ప్రతి కర్మాగారంలో ప్రతి రోజూ శుద్ధి జరుగుతుందన్న హామీ లేదు. పోత మిగిలిన తుక్కును, నేల మీద పడినదానిని ఊడ్చి మళ్లీ కరిగించే చోట మలినం చేరడం ఎంతసేపు? ఇటీవలి దశాబ్దాల బొమ్మ రైళ్లలో సైతం ఈ తెగులు బయటపడింది. అన్ని నమూనాలకూ వస్తుందని భయపెట్టడం ఇక్కడి ఉద్దేశం కాదు; రానివే ఎక్కువ. వచ్చిందో లేదో తెలిసేదెలా అన్నదే ప్రశ్న. రెక్క మొదట్లో వెంట్రుకవాసి చీలిక, రంగు కింద చిన్న పొక్కు, తలుపులా తెరుచుకునే భాగం ఉన్నట్టుండి బిగుసుకుపోవడం దాని తొలి లక్షణాలు. ఉబ్బిన రెక్క థర్మకోల్ గాడిలో ఇరుక్కుపోయాక, ఎప్పుడో అమ్మబోయే రోజున బలంగా లాగితే అప్పుడు విరుగుతుంది. తెరవని పెట్టె లోపల ఏముందో యజమానికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు. నిన్ను బాధపెట్టడానికి కాదుగాని నాయనా, దానిని భద్రత అనడం తగదు, అది నమ్మకం మాత్రమే.

సేకర్త: తేమే కారణమైతే తేమను రానివ్వకుండా చూస్తే సరిపోతుంది. పెట్టెలన్నిటినీ పాలిథీన్ సంచుల్లో మూటగట్టి, పురుగు పట్టకుండా కలరా ఉండలు వేసి, అటక మీద సర్దడం చాలామంది చేసే పనే.

మాస్టారు: ఆ ఒక్క వాక్యంలో మూడు ప్రమాదాలున్నాయి. కలరా ఉండ అంటే నాఫ్తలీన్ గాని, డైక్లోరోబెంజీన్ అనే మరో పదార్థం గాని అయి ఉంటుంది. రెండూ ద్రవం కాకుండానే ఆవిరవుతాయి, రెండూ పాలీస్టైరీన్‌ను మెత్తబరుస్తాయి. థర్మకోల్ అంటేనే పాలీస్టైరీన్ నురుగు. నమూనాల మీది చిన్న చిన్న ప్లాస్టిక్ భాగాల్లో అనేకం ఆ జాతివే. పట్టుచీరకు మేలు చేసే ఉండ విమానపు క్షిపణికి, చక్రాల తలుపుకు కీడు చేస్తుంది. ఇక అటక అంటే శ్లాబుకు ఆనుకుని ఉండే చోటు. మే నెలలో ఇంట్లో అన్నిటికన్నా వేడెక్కేది అదే. వేడి పెరిగితే ప్లాస్టిసైజర్లు త్వరగా ఊరతాయి, జిగురు వదులవుతుంది, రసాయన చర్యలన్నీ వేగమవుతాయి. మూడోది పాలిథీన్ మూట. విశాఖలో వర్షాకాలపు గాలిని లోపల బంధించి మూతి కట్టేస్తే తేమను బయట ఉంచినట్టు కాదు, లోపల దాచినట్టు. రాత్రి చల్లబడగానే ఆ తేమ బిందువులై సంచి లోపలి గోడ మీద, ఆపైన అట్ట మీద నిలుస్తుంది.

సాపేక్ష ఆర్ద్రత అన్న పదానికి ఇక్కడ అర్థం చెప్పుకోవాలి. ఒక ఉష్ణోగ్రత వద్ద గాలి మోయగలిగినంత నీటి ఆవిరిలో ప్రస్తుతం ఎంత శాతం ఉందో చెప్పే కొలత అది. అదే గాలి చల్లబడితే దాని మోసే శక్తి తగ్గుతుంది, కాబట్టి నీరు కొత్తగా చేరకపోయినా శాతం పెరుగుతుంది, నూరు దాటబోయేసరికి తడి బయటపడుతుంది. లోహపు వస్తువులకు సగం లోపు ఆర్ద్రత మేలు. తీరప్రాంత ఇళ్లలో ఏడాదిలో చాలా నెలలు అది అందని లక్ష్యం. హైదరాబాదులో గాలి తేమ తక్కువే, అయితే దుమ్ము బెడద ఎక్కువ. ఒక ఊరి సేకర్త సలహాను మరో ఊరి సేకర్త యథాతథంగా పాటించడం ఈ విషయంలో మంచిది కాదు.

సేకర్త: అలాగైతే అద్దాల షోకేసు మాత్రం ఎలా మేలవుతుంది? తేమ అక్కడికీ వస్తుంది కదా.

మాస్టారు: షోకేసు దేనితో చేశారన్న దాన్ని బట్టి ఉంటుంది. చెక్క, ముఖ్యంగా పొడిని జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్ పలకలు, ప్లైవుడ్, ఏళ్ల తరబడి ఎసిటిక్, ఫార్మిక్ ఆమ్లాల ఆవిరులను, ఫార్మాల్డిహైడ్‌ను విడుస్తూనే ఉంటాయి. మూసిన అద్దాల అరలో ఆ ఆవిరులు పోగుపడతాయి. సీసానికి అవి బద్ధశత్రువులు, జింకుకూ మిత్రులు కావు. రంగు పడని చోట, మరలు బిగించిన రంధ్రాల్లో తెల్లటి పొడి కనిపించడం దాని గుర్తు. ప్రదర్శన పెట్టెలకు వాడే పదార్థాలు లోహాన్ని పాడుచేస్తాయో లేదో తేల్చడానికి బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ 1973లో ఒక పరీక్షను ప్రవేశపెట్టారు. పదార్థపు ముక్కను, వెండి, రాగి, సీసం రేకులను కాస్త నీటితో కలిపి గాజు గొట్టంలో మూసి, 60 డిగ్రీల వేడిలో 28 రోజులు ఉంచి, రేకులు మచ్చపడ్డాయేమో చూస్తారు. నేటికీ మ్యూజియంలు దానిని వాడుతున్నాయి. ఆ లెక్కన తెలుగు ఇళ్లలో పడకగదిలో నిలబడి ఉండే ఇనుప బీరువా ఖరీదైన చెక్క షోకేసు కన్నా మెరుగైనది. ఎనామెల్ గాని పౌడర్ కోటింగ్ గాని బాగా ఆరిన ఉక్కు ఆవిరులు విడవదు, చెద పట్టదు, వెలుగు రానివ్వదు. పెట్టెల్లో ఉంచక తప్పని నమూనాలకు అటక కన్నా బీరువాలో మధ్య అర ఎంతో నయం. అందులో సిలికా జెల్ సంచులు పెట్టాలి. చెప్పుల పెట్టెల్లో, మందు సీసాల్లో వచ్చే గుళికలు అవే. రంగు మారే రకం తీసుకుంటే, రంగు మారినప్పుడల్లా వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వాడవచ్చు.

సేకర్త: బీరువా సలహా శిరోధార్యం. అయినా ఒక మధ్యేమార్గం ఉంది కదా. ముందువైపు పారదర్శకమైన కిటికీ ఉన్న పెట్టెలు వస్తున్నాయి. వాటిని తెరవకుండానే గోడ అరలో వరుసగా పేర్చితే పెట్టె, నమూనా రెండూ కనిపిస్తాయి, చేయి తగలదు, దుమ్ము పడదు.

మాస్టారు: చూడటానికి అందంగానే ఉంటుంది, అందుకే అది ప్రమాదం. కిటికీ గుండా వెలుగు లోపలికి వెళ్తుంది గనుక నమూనా ఒకవైపు వెలిసి, మరోవైపు కొత్తగా మిగులుతుంది. నువ్వు పత్రమని పేరు పెట్టిన ఆ పెట్టె ముద్రణ నమూనా కన్నా ముందే వెలుస్తుంది. అట్ట మీది ఎరుపు, పసుపు తొందరగా పోతాయి. కొన్నేళ్లకు నీలి ఛాయ మాత్రం మిగులుతుంది. పైగా ఒకదాని మీద ఒకటి పేర్చితే లోహపు బరువు వల్ల కింది పెట్టె మూలలు నలుగుతాయి, కిటికీ లోపలికి కుంగుతుంది. పెట్టెనే ప్రదర్శనవస్తువుగా చేస్తే రెండూ పోతాయి.

ఈ దశలో సేకర్త కొంతసేపు మౌనం వహించి, తన పక్షానికి అత్యంత బలమైన వాదాన్ని ముందుకు తెచ్చాడు. అది అంగట్లో ధరకు సంబంధించినది కాదు కాబట్టి పూర్తిగా వినదగింది.

సేకర్త: ఎయిర్ ఇండియా 747లలో చివరిది 2024 ఏప్రిల్ 22న ముంబై నుంచి ఎగిరిపోయింది. ఝరోకా కిటికీలతో ఎగిరిన ఆ రాజభవనాలను ఇక ఏ విమానాశ్రయంలోనూ చూడలేం. భావితరాలు వాటి రంగులు, రాతలు, కొలతలు తెలుసుకోవడానికి మిగిలేవి ఛాయాచిత్రాలు, ఈ నమూనాలు. నాలుగు వైపులా తిప్పి చూడగలిగే వీలు నమూనాకే ఉంది. మ్యూజియంలు సైతం తమ వస్తువుల్లో కొద్ది భాగాన్నే ప్రదర్శించి మిగిలినది చీకటి గదుల్లో భద్రపరుస్తాయి. ఇంట్లో సేకర్త చేసేదీ అదే. ఈ తరం కళ్లపండువ కోసం రాబోయే తరం చూడవలసినదాన్ని ఖర్చుచేయడం తగునా?

మాస్టారు: ఇప్పుడు చెప్పిన మాట గొప్పది నాయనా. కాదనడానికి లేదు. మ్యూజియం పోలికను మాత్రం చివరిదాకా తీసుకుపోవాలి. మ్యూజియం వస్తువును చీకటి గదిలో వేసి మరిచిపోదు. నియమిత కాలానికి ఒకసారి బయటికి తీసి, ఛాయాచిత్రం తీసి, మార్పులు రాసుకుని, కొత్త ఆమ్లరహిత కాగితంలో చుట్టి తిరిగి పెడుతుంది. ఆ చూపు లేనప్పుడు అది భద్రపరచడం కాదు, దాచడం. అంతకన్నా దగ్గరి పోలిక మన ఇళ్లలోనే ఉండగా దూరం పోనవసరం లేదు. బొమ్మల కొలువును గుర్తు చేసుకో. కొన్ని ఇళ్లలో దసరాకు, ఆంధ్ర ప్రాంతంలో ఎక్కువగా సంక్రాంతికి, అమ్మమ్మల నాటి మట్టి బొమ్మలు, కొండపల్లి కొయ్య బొమ్మలు ట్రంకు పెట్టెలోంచి దిగుతాయి. పాత మెత్తటి పంచె ముక్కలు విప్పి, ఒక్కొక్కదాన్నీ తుడిచి, ముక్కు చెక్కుకుపోయిందా, రంగు రాలిందా చూసి, మెట్ల మీద పేర్చుతారు. కొద్ది రోజులు ఇరుగుపొరుగు పేరంటాలు వచ్చి చూస్తారు. పండగ కాగానే మళ్లీ గుడ్డలో చుట్టి పెట్టెలో సర్దుతారు. ఏడాదిలో కొద్ది రోజులు వెలుగు, మిగిలిన నెలలు చీకటి, ఏటా తప్పని ఒక తనిఖీ. మూడు తరాల బొమ్మలు నిలిచింది ఆ పద్ధతి వల్లనే.

సేకర్త: అంటే పెట్టెను వదులుకోనక్కరలేదు, మూతను మాత్రం ఏటా తీయాలి.

మాస్టారు: అదే. సగటు సేకర్త దగ్గర ఏ వంద నమూనాలో ఉంటే, పదింటిని మూడు నెలలు బీరువా బయట, ఎండ తగలని గోడ దగ్గర, అద్దం లేదా అక్రిలిక్ మూత కింద ఉంచి, తర్వాత వాటిని దించి మరో పదింటిని పెట్టవచ్చు. దించేటప్పుడు నూలు చేతితొడుగు వేసుకుని, మధ్య శరీరాన్ని పట్టుకోవాలి, రెక్క చివర పట్టుకోకూడదు. దుమ్మును బట్టతో తుడవకుండా కెమెరావాళ్లు వాడే గాలి బంతితో ఊది, మిగిలినది మెత్తటి కుంచెతో ముక్కు నుంచి తోక వైపు విదిలించాలి. పెట్టెలోకి తిరిగి చేర్చేటప్పుడు స్పాంజి, రబ్బరు, తీగ తొలగించి, వాటిని విడిగా ఒక కవరులో దాచి, నమూనాను ఆమ్లరహిత కాగితంలో చుట్టాలి. ఏసీ గదిలోంచి తెచ్చిన పెట్టెను ఉక్కగా ఉన్న గదిలో వెంటనే తెరవకూడదు. చల్లటి లోహం మీద తేమ దిగుతుంది కనుక ఓ రెండు గంటలు ఆగాలి. పెట్టె లోపలి మూత మీద పెన్సిలుతో రాయడం ఇష్టం లేకపోతే ఒక చిన్న నోటుపుస్తకంలో తారీఖు, కనిపించిన మార్పు రాసుకోవాలి.

సేకర్త: సీలు విప్పని పెట్టెకు కొనేవారు ఎక్కువ ఇస్తారన్న సంగతి మాత్రం మిగిలే ఉంది.

మాస్టారు: ఇస్తారు. అమ్మడానికే కొన్నవాడు సీలు విప్పకుండా త్వరగా అమ్ముకోవడం మేలు, ఎందుకంటే లోపలి స్పాంజికి, ప్లాస్టిక్‌కు ధర సంగతి తెలియదు. ఉంచుకోవడానికి కొన్నవాడికి ఆ లెక్కతో పనిలేదు.

ఈ చివరి విషయంలో ఇద్దరూ ఏకాభిప్రాయానికి రాలేదు. సీలు విప్పని పెట్టెకు చారిత్రక విలువ వేరే ఉంటుందని సేకర్త, ఎవరూ చూడని వస్తువు గురించి విలువ మాట్లాడటం కుదరదని మాస్టారు తమ తమ మాటల మీదే నిలిచారు. ఒకటి రెండు నమూనాలను సీలుతోనే బీరువాలో ఉంచి, మిగిలినవాటిని కొలువు పద్ధతిలో ఏటా తెరవడానికి సేకర్త అంగీకరించాడు. ఆ రెండింటికి కూడా పైన చుట్టిన రబ్బరు బ్యాండు మాత్రం ఆ పూటే తీసేశాడు. సాక్ష్యాలన్నీ చూస్తే మాస్టారి పక్షానికే మొగ్గు చూపక తప్పదు: అట్టపెట్టె ప్రయాణానికి కావలసిన వస్తువు, దీర్ఘకాలపు కాపలా మనిషి కళ్లదే. అటక మీద, కలరా ఉండల మధ్య, పాలిథీన్ సంచుల్లో విమాన నమూనాలు దాచి ఉన్న పాఠకులు రాబోయే సంక్రాంతి దాకా కూడా ఆగకుండా, ఒక పొడి రోజు చూసుకుని ఆ పెట్టెలను కిందికి దింపి, మూతలు తీసి, రెక్కల మొదళ్లను మంచి వెలుగులో ఒకసారి పరిశీలించాలి.